1971 టూ థౌజండ్ గినీస్: మిల్ రీఫ్, మై స్వాలో, బ్రిగేడియర్ జెరార్డ్‌లలో ఏది మేలు?

ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో 1971 మే 1న జరిగిన టూ థౌజండ్ గినీస్ పందెంలో పరుగెత్తినవి ఆరు గుర్రాలే. అయినా అంతటి బలమైన పోటీ ఆ పందెపు చరిత్రలో అరుదు. ఆ ఆరింటిలో మూడింటిని గురించి ఇంగ్లండు గుర్రప్పందేల లోకం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంది. ఫలితం తెలిసిన తరువాత తీర్పు చెప్పడం ఎవరికైనా తేలికే కాబట్టి, ఆ ఉదయం నాటికి అందరికీ తెలిసి ఉన్న వివరాలను మాత్రమే ముందు పెట్టుకొని, ఆ మూడింటిలో దేనిని ఎంచుకోవడం సబబుగా ఉండేదో ఇక్కడ పరిశీలిస్తాను.

పందెం స్వరూపాన్ని ముందు చెప్పుకోవాలి. 1809లో మొదలైన టూ థౌజండ్ గినీస్ మూడేళ్ల గుర్రాల కోసం నడిపే, క్లాసిక్‌లని పిలిచే అగ్రశ్రేణి పందేలలో ఒకటి. మన దేశంలో ముంబయి మొదలుకొని హైదరాబాదు మలక్‌పేట వరకు నడిచే గినీస్, డెర్బీ పందేలన్నీ ఈ ఇంగ్లీషు నమూనాను అనుసరించి వచ్చినవే. దూరం ఒక మైలు, అంటే ఎనిమిది ఫర్లాంగులు. 1971లో మగ గుర్రాలన్నీ సమానంగా తొమ్మిది స్టోన్ల బరువు, అంటే 126 పౌండ్లు మోయవలసి ఉండేది. న్యూమార్కెట్ రౌలీ మైల్ మీద వంపులు లేవు. మొదటి నుంచి చివరి వరకు తిన్నగా సాగే బాట అది. అయితే గమ్యానికి దాదాపు రెండు ఫర్లాంగుల ముందు నేల పల్లంలోకి దిగుతుంది, చివరి ఫర్లాంగు ఎగువకు లేస్తుంది. ముందుగా శక్తినంతా ఖర్చు చేసిన గుర్రం ఆ ఎత్తు మీద దొరికిపోతుంది. ఈ ఒక్క సంగతిని మనసులో ఉంచుకుంటే మిగిలిన పోలికంతా సులువుగా అర్థమవుతుంది.

ఆనాటి ఫేవరెట్ మిల్ రీఫ్. బుకీలు ఇచ్చిన ధర 6-4, అంటే నాలుగు పౌండ్లు ఒడ్డి గెలిస్తే ఆరు పౌండ్ల లాభం. రెండో స్థానంలో మై స్వాలోకు 2-1, మూడో స్థానంలో బ్రిగేడియర్ జెరార్డ్‌కు 11-2. నాలుగో పేరుగా వినిపించిన మిన్‌స్కీకి, అంతకు ముందు ఏడాది ట్రిపుల్ క్రౌన్, అంటే గినీస్, డెర్బీ, సెయింట్ లెజర్ మూడూ గెలిచిన నిజిన్‌స్కీకి సొంత తమ్ముడు కావడం, విన్సెంట్ ఓబ్రయన్ శిక్షణ, లెస్టర్ పిగట్ స్వారీ కలిసి గొప్ప ఆకర్షణ తెచ్చిపెట్టాయి. కానీ అన్న ప్రతిభను తమ్ముడు మైదానంలో చూపించలేదు గనుక దానిని పక్కన పెట్టడానికి నేను సంకోచించను.

మిల్ రీఫ్ అమెరికాలో వర్జీనియాలోని రోక్‌బీ క్షేత్రంలో పుట్టింది. యజమాని పాల్ మెలన్. దాని నడక అమెరికా మట్టి బాటలకంటే ఇంగ్లండు పచ్చికకు అనువైనదని గ్రహించి దానిని కింగ్స్‌క్లియర్‌లో శిక్షకుడు ఇయన్ బాల్డింగ్ దగ్గరకు పంపించారు. ఆకారంలో చిన్నది, కానీ అవయవపుష్టి చక్కగా కుదిరిన గుర్రం. రెండేళ్ల వయసులో ఆరుసార్లు పరుగెత్తి అయిదుసార్లు గెలిచింది. రాయల్ ఆస్కాట్‌లో కొవెంట్రీ స్టేక్స్‌ను ఎనిమిది లెంగ్త్‌ల తేడాతోను, యార్క్‌లో తడి నేల మీద గిమ్‌క్రాక్ స్టేక్స్‌ను పది లెంగ్త్‌ల తేడాతోను గెలుచుకున్నది. లెంగ్త్ అంటే ఒక గుర్రపు నిడివి. ఆ స్థాయి పందేలలో రెండు లెంగ్త్‌ల తేడాయే పెద్ద విజయంగా లెక్క, పది అంటే మిగిలినవి ఆ పందెంలో లేనట్లే. అక్టోబరులో ఏడు ఫర్లాంగుల డ్యూహర్స్ట్ స్టేక్స్ గెలిచి సీజను ముగించింది. మూడేళ్ల వయసులో అడుగుపెట్టగానే న్యూబరీలో గ్రీన్‌హామ్ స్టేక్స్ గెలిచింది. జాకీ జెఫ్ లూయిస్.

ఆ ఒక్క ఓటమి ఎవరి చేతిలో అన్నదే అసలు కథ. 1970 జులైలో పారిస్ సమీపంలోని మెజోన్ లఫీట్‌లో, 1100 మీటర్ల ప్రీ రోబేర్ పపాన్‌లో మై స్వాలో దానిని షార్ట్ హెడ్ తేడాతో, అంటే ముక్కు పొడవుకు కాస్త మించిన అంతరంతో ఓడించింది. టెలివిజన్ సెట్లను అద్దెకిచ్చి ధనవంతుడైన డేవిడ్ రాబిన్సన్ దాని యజమాని. శిక్షకుడు పాల్ డేవీ. ఐర్లండులో పుట్టిన ఈ గుర్రం ఆ ఏడాది ఏడింటికి ఏడు పందేలూ గెలిచింది. పపాన్ తరువాత ప్రీ మోర్నీ, ప్రీ ద లా సలమాంద్ర్, చివరకు లాంగ్‌షాంలో గ్రాన్ క్రితేరియం: ఫ్రాన్సులో రెండేళ్ల గుర్రాలకు పెద్ద పరీక్షలైన ఈ నాలుగింటినీ ఒకే సీజనులో గెలుచుకున్నది. గ్రాన్ క్రితేరియం 1600 మీటర్ల పందెం కావడం గమనించదగిన విషయం. అంటే ఈ ముగ్గురిలో మైలు దూరం మీద అప్పటికే గెలిచి చూపించినది మై స్వాలో ఒక్కటే. 1971 వసంతంలో అది కూడా కెంప్టన్‌లో ఒక పందెం గెలిచి సిద్ధమైంది.

బ్రిగేడియర్ జెరార్డ్ పుట్టుక ఈ రెండింటితో పోలిస్తే నిరాడంబరమైనది. తండ్రి క్వీన్స్ హుస్సార్‌కు జతకు తీసుకున్న రుసుము 250 పౌండ్లు మాత్రమే; ఆ రోజుల్లో కూడా అది పెద్ద పేరున్న మగ గుర్రానికి ఇచ్చే మొత్తం కాదు. తల్లి లా పైవా పందెం గెలిచిన గుర్రం కాకపోయినా, ఆమె వంశం 1904లో మూడు క్లాసిక్‌లు గెలిచిన ప్రెటీ పాలీ దాకా వెళుతుంది. దానిని పెంచిన జాన్ హిస్లప్, జీన్ హిస్లప్ దంపతులే దాని యజమానులు. శిక్షకుడు డిక్ హెర్న్, జాకీ జో మెర్సర్. రెండేళ్ల వయసులో నాలుగు పందేలలో పాల్గొని నాలుగూ గెలిచింది. చివరిదైన మిడిల్ పార్క్ స్టేక్స్‌లో, పేరుమోసిన వేగశాలి మమ్మీస్ పెట్‌ను మూడు లెంగ్త్‌ల వెనుక వదిలిపెట్టింది. అయితే దానికి రెండు లోట్లు ఉన్నాయని చెప్పక తప్పదు. ఒకటి, ఆ నాలుగు పందేలలో ఒక్కటి కూడా ఆరు ఫర్లాంగులకు మించినది కాదు. రెండు, మిగిలిన ఇద్దరు ప్రత్యర్థులూ ఏప్రిల్‌లో ఒక పందెం పరుగెత్తి ఒళ్లు సవరించుకొని వస్తే, ఇది ఏడు నెలల విరామం తరువాత నేరుగా గినీస్‌కే వచ్చింది.

ఇప్పుడు తూకం వేద్దాం. సీజను ముగిసిన తరువాత ఇంగ్లండులో రెండేళ్ల గుర్రాలన్నింటికీ వాటి సామర్థ్యాన్ని బట్టి ఊహాత్మక బరువులు కేటాయించే ఫ్రీ హ్యాండిక్యాప్ ఒకటి ప్రకటిస్తారు. 1970 జాబితాలో మై స్వాలోకు 133 పౌండ్లు, మిల్ రీఫ్‌కు 132, బ్రిగేడియర్ జెరార్డ్‌కు 131 వచ్చాయి. మైలు దూరం మీద ఒక లెంగ్త్‌కు సుమారు రెండు పౌండ్ల లెక్క కడతారు గనుక, మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఒక లెంగ్త్‌కు మించి తేడా లేదని ఆ పని మీదే బతికే అధికారి తేల్చినట్లు. మరి బుకీల ధరలు ఏమి చెప్పాయి? 6-4 అంటే నూటికి నలభై పాళ్ల అవకాశం. 2-1 అంటే ముప్పై మూడు పాళ్లు. 11-2 అంటే పదిహేను పాళ్లు. ఒక పౌండు, రెండు పౌండ్ల తేడా ఉన్న గుర్రాల మధ్య అవకాశాన్ని రెండింతలకు పైగా తగ్గించి చూపడం నాకు అర్థం కాని విషయం. పపాన్ పందెం జనం మనసుల్లో అంత గట్టిగా నాటుకుపోయి, గినీస్ కేవలం ఆ ఇద్దరి మధ్య మిగిలిపోయిన బాకీ తీర్చుకునే సందర్భంగా కనిపించిందని తప్ప మరో కారణం నాకు తోచదు.

అసలు ఆ పపాన్ ఫలితం ఎంతవరకు పనికివస్తుంది? జులై నెలలో, రెండేళ్ల వయసు గుర్రాలు, అయిదున్నర ఫర్లాంగుల దూరంలో షార్ట్ హెడ్ తేడాతో ముగించిన పందెం అది. తొమ్మిది నెలల తరువాత రెండున్నర ఫర్లాంగుల అదనపు దూరంతో జరిగే పందేనికి దానిని కొలబద్దగా తీసుకుంటే, ఎదిగే వయసులోని గుర్రాల ఎదుగుదలను లెక్కచేయనట్లే. పపాన్ తరువాతి నెలల్లో మిల్ రీఫ్ ఎదుగుదల స్పష్టంగా కనిపిస్తోంది. దూరం పెరిగేకొద్దీ అది మరింత నిశ్చింతగా పరుగెత్తింది. అందుచేత ఆ ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవలసి వస్తే నేను మిల్ రీఫ్ వైపే మొగ్గుతాను. మై స్వాలో రెండేళ్ల వయసులోనే బలిష్టంగా పూర్తిగా తయారైన గుర్రం. అలాంటివాటి ఆధిక్యం మూడేళ్లు నిండేసరికి తోటివి ఎదగడంతో కరిగిపోవడం గుర్రప్పందేలలో తరచుగా చూసేదే. మైలు దూరం గెలిచిన అనుభవం దాని పక్షాన ఉన్నా, ధర కూడా చవక కాదు గనుక దానికి మూడో స్థానం ఇస్తాను.

మిగిలినది మిల్ రీఫా, బ్రిగేడియర్ జెరార్డా అన్న ప్రశ్న. ఆరు ఫర్లాంగులకు మించి పరుగెత్తని గుర్రం మైలు మీద నిలుస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. కానీ తండ్రి క్వీన్స్ హుస్సార్ 1963లో ససెక్స్ స్టేక్స్, లాకింజ్ స్టేక్స్ రెండూ మైలు మీదే గెలిచింది. తల్లి తరఫు రక్తంలో ఓర్పు ఉంది. పైగా మిడిల్ పార్క్‌లో చివర జోరు తగ్గకుండా దూరం పెంచుకుంటూ గెలిచిన తీరు, ఇంకో రెండు ఫర్లాంగులు దానికి అడ్డు కావని సూచిస్తుంది. ఇక ముందస్తు పందెం పరుగెత్తకపోవడం మామూలు గుర్రానికి లోపమే అయినా, హిస్లప్, హెర్న్ కావాలని ఎంచుకున్న దారి అది. తాజాగా ఉన్నప్పుడు అది బాగా పరుగెత్తుతుందని దగ్గరగా చూసినవారు నమ్మితే, బయటివారు ఆ నమ్మకాన్ని కొట్టిపారేయడానికి పెద్ద ఆధారం ఉండాలి.

అన్నింటికంటే నన్ను ఒప్పించేది పందెం నడిచే తీరు. మై స్వాలో ముందుండి నడిపించే గుర్రం. పపాన్‌లో దెబ్బతిన్న మిల్ రీఫ్ జాకీ దానిని మళ్లీ దూరం పోనివ్వడు. పక్కనే అంటిపెట్టుకొని ఉంటాడు. ఆ ఇద్దరి కళ్లూ ఒకరి మీద ఒకరికి ఉంటే, రెండు మూడు లెంగ్త్‌ల వెనుక నిశ్శబ్దంగా కూర్చున్న మెర్సర్‌కు ఎదుట తిన్నని బాట, ఆరుగురే కావడం వల్ల ఇరుకు లేని దారి, పల్లం దాటాక వచ్చే ఎత్తు అన్నీ కలిసివస్తాయి. ఎవరు ఎక్కువసార్లు గెలుస్తారని మాత్రమే అడిగితే మిల్ రీఫ్ పేరు చెప్పేవాడిని, అదీ వెంట్రుకవాసి తేడాతో. ధరను కూడా చూసి ఎంచుకోమంటే బ్రిగేడియర్ జెరార్డ్ తప్ప మరొకటి కాదు.

జరిగినది కూడా అలాగే జరిగింది. మై స్వాలో, మిల్ రీఫ్ ముందు పరస్పరం పోరాడుకుంటూ సాగగా, మెర్సర్ పల్లం దగ్గర తన గుర్రాన్ని అదిలించి, ఎత్తు ఎక్కుతూ వాటిని దాటేశాడు. తేడా మూడు లెంగ్త్‌లు. మిల్ రీఫ్ రెండోది, దానికి ముప్పాతిక లెంగ్త్ వెనుక మై స్వాలో మూడోది, మిన్‌స్కీ నాలుగోది. మూడు లెంగ్త్‌లు వస్తాయని మాత్రం నేను కూడా ఊహించేవాడిని కాను. హ్యాండిక్యాప్ జాబితాలోని వరుస సరిగ్గా తలకిందులైందన్నది గమనించదగిన వింత.

అయితే ఈ తీర్పు మైలుకే చెల్లుతుందని నా అభిప్రాయం. ఆ పందెం తరువాత బ్రిగేడియర్ జెరార్డ్ పదమూడు పందేలలో పన్నెండు గెలిచి, 1972లో యార్క్‌లో రాబర్టో అనే గుర్రం చేతిలో ఒక్కసారి ఓడిపోయింది. ఆ ఏడాదే పన్నెండు ఫర్లాంగుల కింగ్ జార్జ్ పందెం కూడా గెలిచింది కనుక ఓర్పు లేదని అనలేము. కానీ ఆ దూరం మిల్ రీఫ్ సొంత ఊరు లాంటిది. ఆ ఇద్దరూ మళ్లీ తలపడాలని అందరూ ఎదురుచూసినా, 1972 ఆగస్టులో మిల్ రీఫ్ ముందరి కాలు విరగడంతో ఆ అవకాశం పోయింది. 1971 మే నెలలో ప్రశ్న న్యూమార్కెట్ గురించి కాక, పన్నెండు ఫర్లాంగుల డెర్బీ జరిగే ఎప్సమ్ గురించి అయి ఉంటే, నా జవాబు మారేది. హిస్లప్ దంపతులు తమ గుర్రాన్ని డెర్బీకి పంపలేదు. జూన్ 2న మిల్ రీఫ్ అక్కడ లిండెన్ ట్రీని రెండు లెంగ్త్‌ల తేడాతో ఓడించి, ఆ వేసవిలోనే ఎక్లిప్స్, కింగ్ జార్జ్, అక్టోబరులో పారిస్‌లో ఆర్క్ పందెం గెలుచుకున్నది.