ఇంట్లో యూరిన్ ప్రోటీన్ చూసుకునే స్ట్రిప్స్: కొనొచ్చు, ఇవి తెలుసుకుని

మా అబ్బాయికి నెఫ్రోటిక్ సిండ్రోమ్ (కిడ్నీల నుంచి ప్రోటీన్ యూరిన్‌లోకి పోయే జబ్బు) అని తేలినప్పటి నుంచి ఈ స్ట్రిప్స్ వాడుతున్నాం, ఈ జబ్బున్న పిల్లలు ఉన్న ఇంట్లో ఇవి ఉండి తీరాలంటాను. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల గ్లోమెరులస్‌లు, అంటే సన్నటి రక్తనాళాల చుట్టలు, రక్తాన్ని వడకడుతుంటాయి. అవి దెబ్బతింటే ఒంట్లో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ యూరిన్‌లోకి జారిపోతుంది, కళ్ల చుట్టూ, కాళ్లకు వాపు వస్తుంది. చాలాసార్లు ఆ వాపు కంటే ముందే స్ట్రిప్ సంగతి చెప్పేస్తుంది. దీని అసలు విలువ అదే.

పొద్దున్నే మొదటి యూరిన్‌లో ముంచి, అంచుకు తట్టి, డబ్బా మీద రాసిన టైమ్‌కి (మాదానికి 60 సెకన్లు) దాని మీది రంగుల చార్టుతో పోల్చాలి. పసుపు అలాగే ఉంటే హాయి. ఆకుపచ్చకు తిరిగితే గుండె ఝల్లుమంటుంది గానీ, ఒక్కరోజుకే టెన్షన్ పడొద్దు, జ్వరంలో కూడా కాస్త ప్రోటీన్ పోతుంది. వరసగా 3 రోజులు 3+ (చార్టులో ప్రోటీన్ బాగా ఎక్కువని చెప్పే గుర్తు) వస్తే మాత్రం జబ్బు తిరగబెట్టినట్టే, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

నచ్చనిదేంటంటే, 1+ కీ 2+ కీ రంగు తేడా రాత్రి లైటు వెలుతురులో అస్సలు తెలియదు, కిటికీ దగ్గర చూడండి. మూత సరిగా పెట్టకపోతే తేమకి పాడవుతాయి. షుగర్ ఉన్నవాళ్లకి మొదట్లో పోయే కొద్దిపాటి ఆల్బుమిన్ ఈ మామూలు స్ట్రిప్స్‌కి అందదు, దానికి ల్యాబ్‌లో ఏసీఆర్ టెస్ట్ (యూరిన్‌లో ఆల్బుమిన్, క్రియాటినిన్‌ల నిష్పత్తి చూసేది) చేయించాల్సిందే.