ఎండాకాలం పొద్దున్నే ఏది మేలు: అంబలా, చద్దన్నమా?

మార్చి సగం దాటగానే మా ఇంట్లో పొద్దున్న టిఫిన్లు ఆగిపోతాయి. ఇడ్లీ, దోసె, ఉప్మా ఏవీ ఉండవు, మళ్లీ తొలకరి పడేదాకా అయితే అంబలి, లేకపోతే చద్దన్నం. కొన్నేళ్లుగా ఇదే అలవాటు. చుట్టాలూ ఆఫీసులో వాళ్లూ ఈ రెండింటిలో ఏది మంచిదని అడుగుతూనే ఉంటారు. రెండూ మంచివే అని చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు, ఎందుకంటే ఒంటికి ఇవి చేసే పని ఒకటి కాదు.

ముందు ఒక మాట. రాగుల్ని మా విజయనగరం వైపు చోళ్లు అంటాం, తెలంగాణలో తైదలంటారు, పేరేదైనా గింజ అదే. కానీ చాలామంది జావనే అంబలి అనుకుంటున్నారు. రాగిపిండిని నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉడికించి, పాలూ బెల్లమూ వేసి వేడివేడిగా తాగేది జావ. అంబలి అంటే పులియాలి. మా అమ్మ రాత్రి పడుకోబోయే ముందు నలుగురికి ఒక కప్పు చోడిపిండి తీసుకుని, రెండు కప్పుల నీళ్లలో కలిపి మట్టిచట్టిలో మూతపెట్టి ఉంచుతుంది. తెల్లారేసరికి పైన సన్నటి బుడగలు, కొంచెం పుల్లటి వాసన. గుప్పెడు నూకలు మెత్తగా ఉడికించి, ఆ పులిసిన పిండి నీళ్లు సన్నని ధారగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పుతూ ఉడికిస్తుంది. పూర్తిగా చల్లారాక చిక్కటి మజ్జిగ, ఉప్పు కలిపి పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ప్యాకెట్లో వచ్చే రాగి మాల్ట్ పొడికీ దీనికీ పోలికే లేదు, చాలా ప్యాకెట్లలో పంచదారే ఎక్కువ, వెనక రాసిన పదార్థాల వరుస ఒకసారి చదివి చూడండి.

ఇక లెక్కల్లోకి వస్తే రాగికే పైచేయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 360 మిల్లీగ్రాములు, తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. పీచు రాగుల్లో 11 గ్రాములు, బియ్యంలో మూడు లోపే. ఐరన్ రాగుల్లో నాలుగున్నర మిల్లీగ్రాములు, బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. మనిషికి 30 గ్రాముల పిండి పడిందనుకుంటే ఒక గిన్నె అంబలిలో వంద మిల్లీగ్రాముల పైన కాల్షియం వచ్చినట్టు. పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలంటారు కాబట్టి అందులో పదో వంతు. మజ్జిగ చిక్కగా ఉంటే ఇంకొంత. మోకాళ్ల నొప్పులంటూ కాల్షియం మాత్రలు కొనే ఇళ్లలో పొద్దున్నే రెండు పూరీలు వేగుతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అయితే రాగిలో ఒక చిక్కుంది. గింజలో ఉన్న ఐరన్, కాల్షియం అన్నీ ఒంటికి పట్టవు, ఫైటేట్లు, టానిన్లు అనే పదార్థాలు వాటిని పట్టి ఉంచుతాయి. పులియబెడితే ఆ ఫైటేట్లు తగ్గుతాయి, మొలకెత్తించి ఆరబెట్టి పిండి పట్టిస్తే కూడా అంతే. అందుకే నేను జావకన్నా అంబలి వైపే మొగ్గుతాను. తాగాక వెంటనే టీ తాగితే మాత్రం ఆ లాభం చాలావరకు పోతుంది, టీలోనూ టానిన్లే. గంట ఆగండి.

చద్దన్నం దగ్గరికొస్తే, ముందు వాట్సాప్‌లో ఏటా తిరిగే ఆ మెసేజ్ గురించి చెప్పాలి. రాత్రి నానబెట్టిన అన్నంలో ఐరన్ 21 రెట్లు పెరుగుతుందట. ఇది నేను నమ్మను. బియ్యంలో లేని ఇనుము నీళ్లలో నానితే ఎక్కడినుంచి పుడుతుంది? పులిస్తే ఉన్న కాస్త ఐరన్ ఒంటికి బాగా పట్టే మాట నిజం, కానీ ఉన్నదే కొద్ది. చద్దన్నాన్ని పొగడటానికి ఈ అబద్ధం అక్కర్లేదు, దాని గొప్ప వేరే ఉంది.

అదేమిటంటే, పొట్టకి అంత తేలికైన తిండి ఇంకోటి లేదు. మే నెల ఎండలో తిరిగి వచ్చి, రాత్రి సరిగ్గా నిద్రపట్టక, పొద్దున్నే ఏదీ తినబుద్ధి కాని రోజున గిన్నెడు చద్దన్నం, మాగాయ ముక్క ఉంటే చాలు, లోపలికి దిగిపోతుంది. నీళ్లు, ఉప్పు, పులుపు మూడూ ఒకేసారి అందుతాయి. అన్నం చల్లారినప్పుడు అందులోని పిండిపదార్థం కొంత త్వరగా అరగని రూపంలోకి మారుతుంది, అది పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులకి ఆహారం. గోదావరి జిల్లాల్లో తరవాణి కుండ పెట్టేవాళ్లు, గంజీ నీళ్లూ పులియబెట్టి దబ్బాకులు వేసి, ఆ పుల్లటి నీళ్లలో అన్నం నానేసేవాళ్లు. ఒడిశాలో ఇదే పఖాళ, దానికి మార్చి 20న ఒక పండుగ రోజే ఉంది. బెంగాల్లో పాంతా భాత్. ఇన్ని చోట్ల వరి తినేవాళ్లందరూ ఎండాకాలానికి ఇదే దారి పట్టారు. పైగా మిగిలిన అన్నం పారబోయక్కర్లేదు, నాకు అది చిన్న విషయం కాదు.

కానీ చద్దన్నంలో ఒక జాగ్రత్త ఉంది, నేను దెబ్బతిని నేర్చుకున్నది. రెండేళ్ల కిందట మే నెలలో రాత్రి అన్నాన్ని కుక్కర్లో పొడిగానే వదిలేసి, పొద్దున్నే నీళ్లూ పెరుగూ పోసుకుని చద్దన్నమే కదా అని తిన్నాను. రెండు రోజులు వాంతులు. వండిన అన్నంలో బతికి ఉండే ఒక రకం బాక్టీరియా వెచ్చగా ఉన్నచోట పెరిగి విషం తయారు చేస్తుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. కాబట్టి అన్నం చల్లారగానే, గంటలకొద్దీ బయట వదలకుండా, మునిగేటట్టు నీళ్లు పోసి రెండు చెంచాల పెరుగు కలిపేయాలి. పులుపు త్వరగా పుడితే చెడు బాక్టీరియాకి చోటుండదు. ఎండలు నలభై దాటిన రోజుల్లో ఏడెనిమిది గంటలు చాలు. జిగురు సాగినా, వాసన తేడా అనిపించినా ఆలోచించకుండా పారేయండి.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలి. రాగి తింటే షుగర్ పెరగదని అందరూ అనుకుంటారు. మా నాన్నకి పలుచటి జావ తాగిన రోజున గ్లూకోమీటర్లో అంకె మేం అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చేది. మెత్తగా విసిరి పలుచగా కాచిన ఏ పిండి అయినా తొందరగా అరుగుతుంది, అందుకని. ఇప్పుడు ఆయనకి సీమ వాళ్లలా గట్టి సంకటి ముద్ద, పక్కన పప్పూ ఆకుకూరా. చద్దన్నం ఎప్పుడైనా చిన్న గిన్నెడు. కిడ్నీ జబ్బు, రాళ్లు ఉన్నవాళ్లు రోజూ రాగి మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగాలి.

ఒళ్లు శుభ్రపడాలని ఈ కాలంలో మూడు రోజులు జ్యూసులే తాగేవాళ్లని చూస్తున్నాను. లోపలి శుభ్రం లివరూ కిడ్నీలూ రోజూ చేస్తూనే ఉంటాయి, మనం చెయ్యగలిగింది వాటికి నీళ్లు అందించడం, పేగులు కదిలేందుకు పీచు ఇవ్వడం, కొన్నాళ్లు నూనె తిండి ఆపడం. పీచంతా పిప్పితో పారేసిన జ్యూసుకన్నా అంబలి ఆ పని బాగా చేస్తుంది. ఉగాది నాటి వేపపువ్వు నుంచి తొలకరి దాకా వేపుళ్లు తగ్గించి ఇవే తింటే కడుపుబ్బరం, మలబద్ధకం మా ఇంట్లో చాలా తగ్గాయి.

నన్ను ఒకటే ఎంచుకోమంటే అంబలే. ఎదిగే పిల్లలకి, బాలింతలకి, నలభై దాటిన ఆడవాళ్లకి మరీ గట్టిగా చెప్తాను. పొలం పనికో ఎండలో బండి మీదో వెళ్లేవాళ్లకి, ఆకలి చచ్చిపోయిన ముసలివాళ్లకి చద్దన్నం మేలు. మా ఇంట్లో వారానికి నాలుగైదు రోజులు అంబలి, రాత్రి అన్నం మిగిలిన రోజున చద్ది. రెండింటిలోనూ ప్రోటీన్ తక్కువే, అందుకే పక్కన ఉడికించిన గుడ్డో, గుప్పెడు నానబెట్టిన వేరుశెనగలో ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి వారం అరగిన్నెతో ఆగండి, అలవాటు లేని పొట్టకి అంత పీచు ఒక్కసారిగా పడితే గ్యాస్ పడుతుంది, రెండో వారానికి సర్దుకుంటుంది.