ఫాలికల్ స్కాన్లు: విజయనగరంలోనా, వైజాగ్‌లోనా?

"పిల్లల కోసం ట్రీట్‌మెంట్ వైజాగ్‌లో నడుస్తోంది. ఫాలికల్ స్కాన్‌కి ప్రతిసారీ అక్కడికే పరుగెత్తాలా? ఇక్కడే తీయించుకుని రిపోర్టు వాట్సాప్‌లో పంపితే చాలదా?" రాజాం నుంచి, చీపురుపల్లి నుంచి, అన్నిటికంటే ఎక్కువగా శ్రీకాకుళం నుంచి ఈమధ్య ఇదే ప్రశ్న వస్తోంది. అండాశయంలో అండం ఎదిగే చిన్న నీటి సంచే ఫాలికల్, అది ఎంత పెరిగిందో చూసేదే ఈ స్కాన్. అంతకు మించి ఎలా తీస్తారో మీకు తెలుసు కాబట్టి అదేమీ చెప్పను. నేనైతే డాక్టర్ని అడిగి విజయనగరంలోనే తీయించుకున్నాను. కానీ అది అందరికీ కుదిరే పద్ధతి కాదు.

ముందు వైజాగ్ సంగతి. స్కాన్ తీసేదీ, మందు రాసేదీ ఒకే చోట. తెర మీద చూస్తూనే "ఎల్లుండి రండి" అనో, "ఈ రాత్రి ట్రిగ్గర్ ఇంజెక్షన్ వేయించుకోండి" అనో చెప్పేస్తారు. ఫోన్లో మెసేజ్ చూశారో లేదో అని సాయంత్రం దాకా టెన్షన్ పడక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. ట్రిగ్గర్ వేసిన సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. ఐయూఐ, అంటే వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించే పద్ధతి, దాని టైమంతా దీన్ని బట్టే పెడతారు కాబట్టి జవాబు ఆ రోజే రావాలి.

ఇక దూరం. విజయనగరం నుంచి 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110 దాకా. ఒక్కసారికైతే ఎవరైనా వెళ్లొస్తారు. ఈ స్కాన్లు ఒక్కదానితో పోవు కదా. పీరియడ్ రెండో రోజో మూడో రోజో ఒకటి, తొమ్మిదో పదో రోజు నుంచి రోజు విడిచి రోజు. ఉద్యోగం ఉన్నవాళ్లకి సెలవులు, లేనివాళ్లకి అత్తగారికి చెప్పే సాకులు, రెండూ ఇట్టే అయిపోతాయి.

అయినా నా లెక్కలో తేల్చేది దూరం కాదు, కొలత. ఎదిగే ఫాలికల్ రోజుకి సుమారు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. 18 నుంచి 20 మధ్యకి వచ్చాక సాధారణంగా ట్రిగ్గర్ మాట ఎత్తుతారు. ఇంత చిన్న అంకెల మీద నిర్ణయాలు నడుస్తున్నప్పుడు కొలిచిన చెయ్యి ఎవరిదన్నది చాలా ముఖ్యం. ఫాలికల్ ఎప్పుడూ గుండ్రంగా ఉండదు. ఒక వైపు 20, ఇంకో వైపు 16 ఉందనుకోండి. ఒకరు సగటు తీసి 18 అని రాస్తారు, ఇంకొకరు పెద్ద కొలతే తీసుకుని 20 అంటారు. ఇద్దరిదీ తప్పు కాదు. ఒకే జాకెట్టుకి ఇద్దరు టైలర్లు టేపు పెడితే అంగుళం తేడా రాదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఆ తేడా ఒక రోజు ఎదుగుదలతో సమానం. సోమవారం ఇక్కడ పెద్ద కొలత రాసి, బుధవారం వైజాగ్‌లో సగటు రాస్తే, బాగానే ఎదుగుతున్న ఫాలికల్ కూడా నెమ్మదించినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి మందు మార్చే అవకాశం ఉంది. గర్భసంచి లోపలి పొర మందం కొలతలోనూ ఇదే గొడవ.

అందుకే అన్నిటికంటే చెడ్డది కలగలుపు పద్ధతి: వీలైనప్పుడు వైజాగ్, కుదరనప్పుడు ఇక్కడ. పదో రోజున ఎక్కడ మొదలుపెడితే ఫాలికల్ పగిలేదాకా అక్కడే, వీలైతే అదే డాక్టరు దగ్గరే తీయించుకోండి. రెండో రోజు స్కాన్ వేరే చోట అయినా ఫర్వాలేదు. అందులో చూసేది వేరు: సిస్టులు మిగిలాయా, పొర పల్చగా ఉందా, చిన్న ఫాలికల్స్ ఎన్ని ఉన్నాయి. మందు మొదలుపెట్టే ముందు ఎలాగూ వైజాగ్ డాక్టర్ని కలవాలి కాబట్టి అది అక్కడే కానివ్వండి.

ఒకే చెయ్యి అన్నది వైజాగ్‌లోనూ దొరుకుతుంది కదా అంటారు. దొరుకుతుంది. 28 రోజులకి ఠంచనుగా పీరియడ్ వచ్చేవాళ్లకి మూడు నాలుగు స్కాన్లతో పని తేలిపోతుంది, వాళ్లు వైజాగ్ వెళ్లినా నేను కాదనను. నాలాగా 35, 40 రోజుల నెలవాళ్ల సంగతే వేరు. అండం విడుదలయ్యాక పీరియడ్ వచ్చేదాకా పట్టే కాలం చాలామందిలో 12 నుంచి 14 రోజులే. సాగేదంతా మొదటి సగం. 35 రోజుల నెలలో అండం విడుదలయ్యేది ఇంచుమించు 21వ రోజున. పదో రోజున వెళ్తే "ఇంకా ఏమీ లేదు" అంటారు, పన్నెండున కూడా అదే మాట. మందులతో ఇది కొంత ముందుకు జరగొచ్చు గానీ, ఏమీ చెప్పని స్కాన్లు ఒకటి రెండు మాత్రం తప్పవు. ఆ మాట కోసం శ్రీకాకుళం నుంచి బస్సెక్కి వెళ్లి రావాలా? పక్క వీధిలో విని ఇంటికొచ్చి వంట చేసుకోవచ్చు.

రోజుల లెక్క దగ్గర ఇంకో మాట. మా ఇళ్లలో కొందరు పెద్దవాళ్లు తలస్నానం రోజు నుంచి లెక్కపెడతారు. అలా చెబితే స్కాన్ మూడు నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. సరిగ్గా బ్లీడింగ్ మొదలైన రోజే మొదటి రోజు, ముందు కనిపించే మరకలు లెక్కలోకి రావు.

వైజాగే తప్పనిసరి అయ్యే సందర్భం ఒకటుంది. మాత్రలు కాకుండా రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు నడుస్తుంటే, ముఖ్యంగా ఐవీఎఫ్‌లో (అండాన్ని, వీర్యాన్ని ల్యాబ్‌లో కలిపే పద్ధతి), స్కాన్లన్నీ క్లినిక్‌లోనే. ఫాలికల్స్ ఒకేసారి చాలా ఎదగొచ్చు, అండాశయాలు ఉబ్బి ప్రమాదం రావొచ్చు, డోసు ఎప్పుడు మార్చాల్సి వస్తుందో తెలియదు. అక్కడ దూరం గురించి ఆలోచించకండి, కుదిరితే ఆ పది పన్నెండు రోజులు చుట్టాలింట్లో ఉండిపోండి.

స్కాన్ బదులు ఇంట్లో వాడే ఎల్‌హెచ్ స్ట్రిప్పులు, అంటే అండం విడుదల దగ్గరపడిందా అని మూత్రంలో చూసేవి, చాలవా అని కూడా అడుగుతున్నారు. సొంతంగా ప్రయత్నించేవాళ్లకి పనికొస్తాయి. పీసీఓడీ ఉంటే ఊరికే పాజిటివ్ చూపించొచ్చు, ట్రిగ్గర్ వేయించుకున్నాక వాటిని నమ్మనే వద్దు. పొద్దున్నే ఒంటి వేడి చూసుకునే థర్మామీటరు అండం విడుదలయ్యాక గానీ చెప్పదు. ఫోన్ యాప్ గుర్తు పెట్టుకోడానికి బాగుంటుంది, అంతే.

విజయనగరమైనా శ్రీకాకుళమైనా, స్కాన్ సెంటర్‌కి మొదటి రోజే ఫోన్ చేసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కింది నుంచి తీసే స్కాన్, అంటే టీవీఎస్, చేస్తారా? కొన్ని చోట్ల అలవాటుగా నీళ్లు తాగించి పొట్ట మీద తీసేస్తారు, ఫాలికల్ కొలతకి అది అంత బాగుండదు. టీవీఎస్‌కైతే మూత్రం పోసుకుని ఖాళీగా వెళ్లాలి. స్కాన్ డాక్టరు రోజూ ఉంటారా, వారానికి రెండు రోజులు వచ్చి వెళ్తారా? రోజుకొకరు కూర్చునే సెంటరైతే ఇప్పటిదాకా నేను చెప్పిన లాభమంతా పోయినట్టే. ఆదివారం తెరుస్తారా? విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర జరిగే మంగళవారం స్కాన్ పడితే మూడు లాంతర్ల వైపు సెంటర్ల మాట మరిచిపోండి, ముందురోజే తీసేస్తారేమో అడగండి. రిపోర్టులో రెండు కొలతలూ రాయమనండి, ఒక్క అంకె కాదు. వైజాగ్ డాక్టర్ని కూడా బయటి స్కాన్ ఒప్పుకుంటారా, రిపోర్టు ఎన్ని గంటల్లోపు పంపాలి అని ముందే కనుక్కోండి. ఒప్పుకోము అంటే బస్సు టైములు చూసుకోవడమే.