గోదారి పుట్టినచోట చెనిన్: నాసిక్‌లో మూడు రోజులు

మా కాలనీ మొదట్లో ఒక ‘వైన్స్’ ఉంది. విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు అన్నీ దొరుకుతాయి. వైన్ మాత్రం పై అరలో దుమ్ముకొట్టుకుపోయిన రెండు సీసాలే. అలాంటి చోటునుంచి బయల్దేరిన మేము నాసిక్‌లో మూడు రోజులపాటు వైనరీలు తిరిగామంటే, ఆ పుణ్యం మా అత్తయ్యగారిది.

త్రయంబకేశ్వర్‌లో పూజ చేయించాలని ఆవిడ రెండేళ్లుగా అంటున్నారు. ఫిబ్రవరి మొదటివారానికి కుదిరింది. అత్తయ్యగారు, మా ఆవిడ, బావమరిది, నేను. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో దేవగిరి ఎక్కితే, ఇంకా తెల్లారకముందే నాసిక్ రోడ్ స్టేషన్లో దింపేసింది. దిగగానే పళ్లు కొట్టుకునేంత చలి. ఫిబ్రవరి కదా, మన దగ్గర ఫ్యాన్లు వేస్తున్నాం కదా అని స్వెట్టర్లు ఇంట్లో వదిలేసి వెళ్లకండి.

ఊళ్లో ముందే డబ్బు కట్టిన హోటల్‌కి వెళ్తే, గది మధ్యాహ్నం పన్నెండింటికే ఇస్తామన్నారు. ఇప్పుడే కావాలంటే ఇంకో రోజు అద్దె. రైలు టైము ముందే చెప్పాం బాబూ అంటే, చెప్పినవాళ్ల డ్యూటీ మారిపోయిందన్నాడు. కట్టాం. వేడినీళ్లు ఏడుకి వస్తాయన్నారు, తొమ్మిదిన్నరకి గోరువెచ్చగా వచ్చాయి. ఈ రైల్లో వచ్చేవాళ్లు ముందురాత్రి నుంచే గది పట్టుకోవడం మేలు, ఎలాగూ కట్టించుకుంటారు.

పొద్దున్న నాసిక్ మిసల్ తిన్నాం. మొలకెత్తిన గింజల కూర మీద ఎర్రటి రస్సా, పైన మిక్స్చరు, పక్కన పావ్, పెరుగు. కట్టెల పొయ్యి మీద వండే చోట్లకి జనం పోటెత్తుతారు. గుంటూరు కారం తిన్న నోళ్లం కాబట్టి మేము నెగ్గుకొచ్చాం.

త్రయంబకం ఊరికి ముప్ఫై కిలోమీటర్లలోపే. పూజ గురించి ఎక్కువ రాయను, చాలామంది రాశారు. కానీ మాది రాజమండ్రి. అఖండ గోదావరిని రైలు వంతెన మీద దాటడానికి ఎంతసేపు పడుతుందో చిన్నప్పటినుంచి లెక్కపెట్టినవాణ్ణి. ఇక్కడ బ్రహ్మగిరి కింద కుశావర్తం అనే కోనేరులో, మోకాలు తడిస్తే గోదావరి స్నానం అయిపోయినట్టే. గురుడు సింహరాశిలోకి వచ్చినప్పుడు మనకి పుష్కరాలు, వీళ్లకి సింహస్థ కుంభమేళా. 2015లో రెండూ జరిగాయి. ఒకే నదికి ఆ చివరా ఈ చివరా తిరునాళ్లన్నమాట. అత్తయ్యగారు ఒక ప్లాస్టిక్ సీసాలో తీర్థం పట్టుకున్నారు.

అక్కణ్ణుంచి నది కాస్త దూరం వచ్చేసరికి గంగాపూర్ డ్యాము. మేము చూడదలచుకున్న ద్రాక్షతోటల్లో సగం ఆ జలాశయం చుట్టూనే ఉన్నాయి. ముందు సులా వైనరీకి వెళ్లాం. పేరు వినని వాళ్లుండరు. అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ తమ కుటుంబ భూమిలో మొదలుపెట్టి, వాళ్లమ్మ సులభ పేరులోంచి తీసి పెట్టిన పేరది. అప్పటిదాకా నాసిక్ అంటే తినే ద్రాక్షే. సొవిన్యో బ్లాంక్, చెనిన్ బ్లాంక్ లాంటి ఫ్రెంచి రకాలు నాటి 2000లో మొదటి వైన్ బయటికి తెచ్చారు. ఆ దారిలోనే మిగతావాళ్లూ వచ్చారు.

సులాలో నాకు నచ్చింది టూరు. ద్రాక్ష తొక్కించే యంత్రం, స్టీలు ట్యాంకులు, ఓక్ పీపాలున్న చల్లటి గది వరసగా చూపిస్తారు. మాకు దొరికిన గైడు కుర్రాడు హిందీలో చక్కగా చెప్పాడు. తెల్ల వైన్‌కి ద్రాక్షని పిండి రసం మాత్రమే పులియబెడతారు, ఎర్ర వైన్‌కి తొక్కతో సహా. రంగు, వగరు అన్నీ తొక్కలోంచి వచ్చేవే. అందుకే నల్ల ద్రాక్షతో కూడా తెల్ల వైన్ చేయొచ్చట. ఇది విని మా బావమరిది నోట్లో వేలేసుకున్నాడు. జనం మాత్రం విపరీతం. శనివారం కావడంతో ముంబై కార్లన్నీ అక్కడే ఉన్నాయి. తోటలో ఫోటోలు దిగడానికి వచ్చినవాళ్లే ఎక్కువ. మీకు వైన్ మీద ఆసక్తి ఉంటే మంగళవారమో బుధవారమో వెళ్లండి. కుటుంబంతో సరదాగా ఒక పూట గడపాలంటే మాత్రం ఇదే నయం. పిల్లలకీ పెద్దవాళ్లకీ కూర్చోడానికి చోటుంది, తిండి బాగుంది, శాకాహారం కూడా దండిగా ఉంది. లోపల బస చేసే గదులున్నాయి గానీ వారాంతం ధర చూసి గౌరవంగా బయటికి వచ్చేశాం.

అత్తయ్యగారు ద్రాక్షరసం తాగుతూ కూర్చుంటారనుకున్నాం. ఆవిడ నేరుగా తోట గట్టు మీదకి నడిచారు. వాళ్లది మేడ్చల్ వైపు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ పందిళ్ల మీద అనాబ్ షాహీ ద్రాక్ష పండేది. ఇప్పుడా తోటలన్నీ వెంచర్లయ్యాయి, వాళ్లదీ అంతే. “మా నాన్నగారి పందిరికింద గుత్తి ఒక్కోటి చేటంత ఉండేది. ఇవేంటయ్యా, రేగుపళ్లలాగా?” అన్నారు. గైడు ఎర్ర వైన్‌కి వాడే షిరాజ్ ద్రాక్షపండు ఒకటి తెంపి ఇచ్చాడు. తొక్క మందం, లోపల గింజలు, కానీ తీపి మాత్రం తినే ద్రాక్షకి రెండింతలు అనిపించింది. “దీన్ని తినలేం, తాగాల్సిందే” అని ఆవిడే తీర్పు చెప్పేశారు.

రెండో రోజు ఆవిడ పంచవటి, కాలారామ్ మందిరం చూసుకుని వస్తానన్నారు. మేం ముగ్గురం యార్క్ వైనరీకి వెళ్లాం. ఇది సులాకి దగ్గర్లోనే, 2021లో సులానే కొనేసింది కూడా. కానీ వాతావరణం వేరు. చిన్నది, పైన టెర్రస్ లాంటి చోట కూర్చుంటే ఎదురుగా జలాశయం. పొద్దుగూకే వేళకి వెళ్లండి. నీళ్ల మీద ఎండ తిరిగేటప్పుడు అక్కడ కూర్చుని చల్లటి చెనిన్ తాగడం ఈ యాత్ర మొత్తంలో నాకు మిగిలిన ముక్క.

చెనిన్ గురించి కాస్త చెప్పాలి. ఫ్రాన్స్‌లో ల్వార్ నది లోయలో పుట్టిన రకం. దక్షిణాఫ్రికా వాళ్లు దీన్ని సొంతం చేసుకుని స్టీన్ అన్నారు. ఎండ దేశాల్లో పండినా పులుపు పోగొట్టుకోదు, అందుకే నాసిక్‌లోనూ కుదురుకుంది. ఇక్కడ చాలామంది కొంచెం తీపి ఉంచి చేస్తారు. వాసన పండిన బొప్పాయి, ఆపిల్, చివర కాస్త తేనె. మన కారానికి ఇది సరిగ్గా అతుకుతుంది. మిసల్‌తోనూ తాగి చూశాం. అదే ఎర్ర వైన్ క్యాబర్నే అయితే కారం మీద వగరు ఎక్కి నోరు మండిపోతుంది, నాకు అనుభవమైంది.

సొవిన్యో బ్లాంక్ వేరే ధోరణి. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే తరిగిన క్యాప్సికం, పచ్చి జామకాయ, కోసిన గడ్డి. “ఇది తాగేదా, కూర వండేదా?” అంది మా ఆవిడ. కానీ రెండో గుక్కకి ఆవిడ ఓటు దీనికే. తమాషా ఏమిటంటే, ఎర్ర వైన్లలో మహారాజు అనిపించుకునే క్యాబర్నే సొవిన్యోకి తల్లిదండ్రుల్లో ఒకరు ఈ తెల్ల సొవిన్యోయే. ఇంకొకరు క్యాబర్నే ఫ్రాంక్. 1997లో కాలిఫోర్నియాలో డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. అంతవరకూ ఆ చుట్టరికం ఎవరూ రుజువు చేయలేదు.

టేస్టింగ్ పద్ధతి తెలియనివారికి ఒక మాట. నాలుగైదు గ్లాసుల్లో కొంచెం కొంచెంగా పోస్తారు. తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత, తీపివి చివర. గ్లాసు తిప్పి, వాసన చూసి, నోట్లో తిప్పి, పక్కనున్న బకెట్లో ఉమ్మేయొచ్చు. “ఉమ్మడానికా బావా, ఇంత పెట్టి టికెట్ కొన్నాం?” అని బావమరిది ఒక్క చుక్క వదల్లేదు. సాయంత్రానికి ఫలితం కనిపించింది. కాబట్టి సొంత బండి వద్దు. వెళ్లేటప్పుడు ఆటో దొరుకుతుంది గానీ, చీకటి పడ్డాక వైనరీ దగ్గర్నుంచి ఏ యాప్‌లోనూ బండి రాదు. మేము నలభై నిమిషాలు రోడ్డు మీద నిలబడి, చివరికి ద్రాక్ష క్రేట్లు దింపి వస్తున్న టెంపో ఎక్కాం. రోజంతటికీ ఒక కారు మాట్లాడుకోండి.

ఆ రాత్రినుంచి హోటల్ వదిలేసి గంగాపూర్ వైపు ఒక రైతు ఇంట్లో దిగాం. రెండు గదులే అద్దెకిస్తారు. శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు కట్టెల బాయిలర్లోంచి బకెట్లతో తెచ్చిపెట్టారు. రాత్రి జొన్నరొట్టె, వంకాయ కూర, పల్లీల చట్నీ. ఊళ్లో హోటల్‌కి ఇచ్చినదాంట్లో సగం కూడా కాలేదు. మరాఠీ, హిందీ కలిపి మాట్లాడే ఆ పెద్దాయన సగం పొలంలో తినే ద్రాక్ష థామ్సన్, సగంలో ఒక వైనరీకి ఒప్పందం మీద షిరాజ్ వేశాడు. వైనరీలో టూరు కంటే ఆయనతో గట్టు మీద గడిపిన గంటలో ఎక్కువ తెలుసుకున్నాను.

యూరప్‌లో చలికాలం మంచు తీగని నిద్రపుచ్చుతుంది. ఇక్కడ ఆ చలి లేదు, తీగ నిద్రపోదు. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. ఏప్రిల్ ఛాటణీ (కత్తిరింపు) కొమ్మ బలపడటానికి, అక్టోబర్ ఛాటణీ కాపు కోసం. అలా చేస్తే వాన అడ్డురాకుండా చలికాలపు ఎండలో పండు తయారై జనవరి నుంచి మార్చిలోపు కోతకొస్తుంది. ఫ్రాన్స్‌లో కోత సెప్టెంబరు, అక్టోబరుల్లో. వాళ్లు కోసేటప్పుడు వీళ్లు కాపుకోసం కత్తిరిస్తారు. పండులో ఎంత తీపి పట్టిందో బ్రిక్స్ అనే లెక్కలో కొలిచి, దాన్నిబట్టి వైనరీ ధర కడుతుందట.

“తీగ ఫ్రాన్స్‌దేనా?” అని అడిగాను. ఆయన నవ్వి కొమ్మ మొదట్లో అంటు కట్టిన బుడిపె చూపించాడు. కింద వేరు డాగ్‌రిడ్జ్, అమెరికా అడవి ద్రాక్ష. నీటి ఎద్దడికీ, ఉప్పు నేలకీ తట్టుకుంటుందని మహారాష్ట్ర రైతులు దానిమీదే అంటుకడతారు. పైన ఫ్రాన్సు, కింద అమెరికా, మట్టి దక్కనుది, డ్రిప్పు పైపుల్లో పారేది మా గోదారి. సీసా మీద మాత్రం షిరాజ్ అని ఒక్కముక్క రాస్తారు.

మూడోరోజు ఇగత్‌పురి వైపు వల్లోనే అనే వైనరీకి. ముంబై దారిలో వెళ్లి, పక్క రోడ్డుకి తిరిగితే వస్తుంది. చుట్టూ కొండలు, ముకణె జలాశయం, జనం తక్కువ. మాల్బెక్ అక్కడే మొదటిసారి తాగాను. అర్జెంటీనా పేరు తెచ్చిపెట్టిన ఫ్రెంచి రకం. నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే వగరులాంటిది ఉంది, కానీ మరీ గట్టిగా లేదు. టేబుల్ దగ్గరికి వచ్చిన అమ్మాయి తొందరపెట్టకుండా, అడిగినవాటికి జవాబిచ్చి, మాకు నచ్చనిదాన్ని మళ్లీ అంటగట్టలేదు. సేవలో నా ఓటు వీళ్లకే. దూరమే ఇబ్బంది. వెళ్లిరావడానికి ఒక పూట పూర్తిగా పోతుంది. ముంబై వెళ్లేవాళ్లు దారిలో ఆగడం తెలివైన పని.

ఇంకో చిన్న వైనరీకి కూడా వెళ్లాం, పేరు వద్దు. ఎర్ర వైన్ ఎండలో పెట్టిన నీళ్లలా వెచ్చగా పోశారు. తెరిచి ఎన్నాళ్లయిందంటే “నిన్ననే సార్” అన్నాడు. వాసన మాత్రం చింతపండు పులుసుకి దగ్గరగా ఉంది. ఇలా అనిపిస్తే మొహమాటపడకుండా కొత్త సీసా తీయమనండి.

ఎర్రవాటి గురించి నా అభిప్రాయం కుండబద్దలు కొట్టి చెప్తాను. నేను తాగిన నాసిక్ క్యాబర్నేలు ఏవీ వాటి ధరకి తగ్గట్టు లేవు. షిరాజ్ నయం, మిరియాల ఘాటుతో, ఓక్ పీపా పొగవాసనతో బాగుంది. వేడి నేలలో పండు తీపి తొందరగా ఎక్కేస్తుంది, తొక్కలోని వగరు నిదానంగా మెత్తబడాలి, ఆ రెండూ కలిసి రాలేదనిపించింది. తెల్లవాటిలో ఆ గొడవ లేదు. మూడు సీసాలకి డబ్బుంటే రెండు చెనిన్, ఒకటి షిరాజ్ కొనండి. అన్నట్టు, హంపీ కొండల దగ్గర మన హైదరాబాద్ దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ పెట్టిన క్రస్మా వైనరీలో క్యాబర్నే బాగుంటుందని విన్నాను. వచ్చే ఏడు అటు వెళ్లాలి.

తిరుగుప్రయాణంలో వైన్ ఏమీ తేలేదు. రాష్ట్రం దాటించడానికి ఎక్సైజ్ నిబంధనలు వేరు, పైగా రైల్లో. అత్తయ్యగారి తీర్థం సీసా, ఒక అట్టపెట్టె థామ్సన్ ద్రాక్ష, రెండు కిలోల కిస్‌మిస్‌తో దిగాం.

మర్నాడు సాయంత్రం బావమరిది మా కాలనీ వైన్స్‌కి వెళ్లి చెనిన్ ఉందా అని అడిగాడట. కౌంటర్లో కుర్రాడు పక్కవాణ్ణి అడిగాడు, పక్కవాడు ఓనర్ని అడిగాడు. ఓనరు పై అరలోంచి దుమ్ము దులిపి ఒక పోర్ట్ వైన్ సీసా దింపి, “ఇదే సార్, పేరు మార్చారు” అన్నాడట.