మునగాకు పొడి, స్పిరులినా: రెండూ చాలాకాలం వాడాక

నాకు రక్తం తక్కువుందని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసినప్పుడు, హన్మకొండలో తెలిసినవాళ్లలో సగం మంది స్పిరులినా (నీళ్లలో పెరిగే ఒక రకం నాచుతో చేసే పొడి) వాడమన్నారు, సగం మంది మునగాకు పొడి వాడమన్నారు. మొదట స్పిరులినా, తర్వాత మునగాకు, మధ్యలో కొన్నాళ్లు రెండూ వాడాను. ఇప్పుడు మా వంటింట్లో ఉన్నది మునగాకు పొడి ఒక్కటే.

స్పిరులినా డబ్బా మీద అంకెలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. 100 గ్రాములకు దాదాపు 57 గ్రాముల ప్రొటీన్, 28 మిల్లీగ్రాముల ఐరన్. లెక్క నిజమే. కానీ మనం వేసుకునేది రోజుకొక చెంచా, మహా అయితే 5 గ్రాములు. అందులో వచ్చే ప్రొటీన్ 3 గ్రాముల లోపే. ఒక్క కోడిగుడ్డులో 6 గ్రాములుంటుంది. ఐరన్ ఒకటిన్నర మిల్లీగ్రాము కూడా రాదు. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో చెప్పింది. మునగాకు పొడిలో ప్రొటీన్ స్పిరులినాలో ఉన్నదాంట్లో సగమే, ఐరన్ ఇంచుమించు అంతే. కాల్షియం మాత్రం బాగా ఎక్కువ: 100 గ్రాములకు 2000 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. స్పిరులినాలో 120 దగ్గరే ఆగిపోతుంది.

ఇక నోటికి ఎక్కే సంగతి. స్పిరులినా నీళ్లలో కలిపితే నల్లటి ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది, గ్లాసు అంచుకు అంటుకుంటుంది, ఎండాకాలం చెరువు గట్టున వచ్చే పాచి వాసన వస్తుంది. మజ్జిగలో, నిమ్మరసంలో, అరటిపండు జ్యూస్‌లో అన్నిట్లో కలిపి చూశాను. వాసన పోలేదు. మా పిల్లలైతే గ్లాసు దగ్గరికే రాలేదు. వేడి చేస్తే అందులోని నీలిరంగు పదార్థం ఫైకోసయనిన్ పాడవుతుంది కాబట్టి వంటల్లో వేసుకోవడం కుదరదు. రోజూ మందులాగా మింగాల్సిందే.

మునగాకు పొడి అన్నంలోకి వచ్చేస్తుంది. ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, మినప్పప్పు వేయించి, చింతపండు, వెల్లుల్లి వేసి మిక్సీ పట్టి, చివర్లో మునగాకు పొడి కలుపుతాను. వేడన్నంలో నెయ్యితో ఇంట్లో అందరూ తింటారు. జొన్నపిండిలో రెండు చెంచాలు కలిపి రొట్టె చేస్తే కాస్త చేదు తగులుతుంది, నువ్వులు అద్దితే అది తెలియదు. సర్వపిండిలోకి పచ్చి ఆకే బాగుంటుంది. నా దృష్టిలో మునగాకు గెలిచింది ఇక్కడే. ఏ పొడైనా ఇంటిల్లిపాదీ నెలల తరబడి తింటేనే కదా ఫలితం.

కొన్న పొడిలో నాకు ఒకసారి ఈనెలు, పుల్లలు కలిసి వచ్చాయి. రంగు కూడా గోధుమరంగుకు తిరిగింది. అప్పటి నుంచి ఇంట్లోనే చేస్తున్నాను. ఆకు కడిగి, నీళ్లు పూర్తిగా ఓడ్చి, పాత కాటన్ చీర మీద గదిలోనే పలచగా పరుస్తాను. ఎండలో పెడితే విటమిన్ ఎ ఇచ్చే కెరోటిన్ పోతుంది. మన వరంగల్ ఎండాకాలంలో నీడలోనే రెండు మూడు రోజులకు గలగలలాడుతుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, బూజు పడుతుంది. ఆ రోజుల్లో పచ్చి ఆకు ఎలాగూ దొరుకుతుంది, పప్పులో వేసుకోవడం మేలు. పచ్చి ఆకులో 100 గ్రాములకు 100 మిల్లీగ్రాములకు పైనే విటమిన్ సి ఉంటుంది, ఆరబెడితే అందులో చాలా భాగం పోతుంది. అందుకే పొడి కలిపిన అన్నంలో నిమ్మకాయ పిండుకుంటాను. ఆకుల్లోని ఐరన్ ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలి. తినగానే చాయ్ తాగితే ఆ పట్టేది కూడా పట్టదు.

ఫలితం అడుగుతారు కదా. నా హిమోగ్లోబిన్ పెరిగింది. ఆ ఘనత డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలదే. పొడి వల్ల నాకు స్పష్టంగా తెలిసింది ఒక్కటే, మాత్రలతో వచ్చిన మలబద్ధకం తగ్గింది. స్పిరులినాతో ఏ తేడా గమనించలేదు, మొదట్లో కడుపుబ్బరం తప్ప.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మాంసం, గుడ్డు ముట్టని మా వదినకు బి12 తక్కువని తేలింది. స్పిరులినాలో దండిగా ఉంటుందని ఎవరో చెబితే ఇంజెక్షన్లు మానేద్దామనుకుంది. అందులో ఉండేది ఎక్కువగా మన ఒంటికి పనికిరాని రకం బి12. "వదినా, డాక్టర్ చెప్పేదాకా ఇంజెక్షన్ ఆపొద్దు" అని దగ్గరుండి వేయించాను.

స్పిరులినా కొనాలనుకుంటే ఎక్కడ పెంచారో, విషపదార్థాల పరీక్ష చేశారో లేదో రాసిన కంపెనీదే తీసుకోండి. శుభ్రంగా లేని నీళ్లలో పెరిగితే లివర్‌కు చెడు చేసే మైక్రోసిస్టిన్లు చేరే ప్రమాదముంది. డబ్బా మీద ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేకపోతే అక్కడే పెట్టేయండి. మునగాకులో విటమిన్ కె ఎక్కువ, కాబట్టి రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు కూడా అంతే. మా అత్తమ్మకు డాక్టర్ సరేనన్నాకే రోజుకు అర చెంచాతో మొదలుపెట్టాం, ఇప్పటికీ షుగర్ చూసుకుంటూనే ఇస్తున్నాను.