బద్ధకిష్టి పొడి: మెగ్నీషియం ఆక్సైడ్‌తో మూడేళ్లు

మూడేళ్ల కిందట ఒక చలికాలం పొద్దున్న, బకెట్లో పెట్టిన హీటర్ రాడ్ ఫట్‌మని పగిలింది. వెంటనే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, పడిపోయింది కాబట్టి సరిపోయింది. చీలిన గొట్టంలోంచి తెల్లటి పొడి కనబడితే ఎలక్ట్రీషియన్ "సున్నం పట్టేసిందమ్మా" అన్నాడు. బోరు నీళ్ల వల్ల రాడ్ పైన పట్టేది సున్నమే. లోపల ఉన్నది మాత్రం మెగ్నీషియం ఆక్సైడ్. మధ్యలో నైక్రోమ్ తీగ, పైన లోహపు గొట్టం, రెండింటి నడుమ ఈ పొడిని గట్టిగా దట్టిస్తారు. వేడిని బాగానే పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు, 2800 డిగ్రీలు దాటితే గానీ కరగదు. దానికి పడనిదల్లా తడి. గొట్టానికి వెంట్రుకంత పగులొచ్చి నీళ్లు దిగితే పొడి వాటిని పీల్చుకుంటుంది, ఇక కరెంటు పైగొట్టానికి చేరుతుంది. రాడ్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఇంకో నాలుగు రోజులు వాడదామనుకోకండి, పారేయండి.

ఎప్పుడో డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ ఊరుకోనివ్వలేదు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే కొట్టుకెళ్లి అర కిలో కొన్నాను. ఇందులో లైట్, హెవీ అని రెండు రకాలు. పదార్థం ఒకటే, నలక తీరు వేరు. నేను తెచ్చింది లైట్. ప్యాకెట్ చూసి మా ఆయన దిండు కొన్నావా అన్నారు. మూత తీసేటప్పుడు ఫ్యాన్ ఆపకపోతే వంటగట్టంతా విభూతి చల్లినట్టే. టెన్త్‌లో మెగ్నీషియం రిబ్బన్ కాలిస్తే కళ్లు జిగేల్మని, చివరికి తెల్లటి బూడిద మిగిలేది గుర్తుందా? అదే ఇది.

మొదటి రోజే గ్లాసుడు నీళ్లలో అర చెంచా కలిపాను. కరగలేదు. మజ్జిగలా తెల్లగా తిరిగి, మెల్లగా అడుక్కి దిగింది. చిటికెడు పసుపు వేసి వదిలేస్తే కాసేపటికి ఇటుక రంగుకు మళ్లింది. మా అత్తయ్యగారు తొంగి చూసి "పారాణి కలుపుతున్నావేంటమ్మా, ఇవాళేం పండగ?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. పసుపు, సున్నం కలిస్తే పారాణి అయ్యేది కూడా క్షారం వల్లే. కాకపోతే సున్నం తగిలీ తగలగానే ఎర్రబడుతుంది, ఇది తీరిగ్గా ఎర్రబడుతుంది. నీళ్లతో కలిసి మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కావాలి, అందులోనూ కరిగేది రవ్వంతే. మహా బద్ధకిష్టి. ఆమ్లం తగిలితేనే ఒళ్లు కదుపుతుంది. ఈ ముక్క ముందే బుర్రకెక్కి ఉంటే నా మొక్కల విషయంలో ఒక ఏడాది కలిసొచ్చేది.

కుండీలో నిమ్మ మొక్కకి ముదురాకులు ఈనెల మధ్య పసుపెక్కాయి. పత్రహరితం నడిబొడ్డున ఉండేది మెగ్నీషియమే, మరి ఈ పొడిలో బరువులో 60 శాతం అదే, ఇంకేం కావాలనుకుని రెండు చెంచాలు మట్టిలో కలిపాను. నెలలు గడిచినా ఏమీ లేదు. మా మట్టిలో పులుపే లేదు, ఇంక అదెక్కడ కరుగుతుంది? తర్వాత ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్, లీటరు నీటికి 10 గ్రాములు కలిపి ఆకుల మీద కొట్టాను. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. మొక్కల కోసమైతే ఈ పొడి కొనకండి.

బాగా పనికొచ్చింది బూట్ల దగ్గర. మావాడి స్పోర్ట్స్ షూ విప్పితే వరండాలో నిలబడలేం. చెమట కంపులో చాలా భాగం ఆమ్లాలదే. రాత్రి చెంచాడు లోపల చల్లి పొద్దున్నే దులిపితే కంపు తొంభై పాళ్లు పోతుంది. నీళ్లకు కరగదు కాబట్టి చెమటకు కొట్టుకుపోక కొన్నాళ్లు పనిచేస్తుంది. నల్ల సాక్సుల మీద తెల్లటి చారలు పడతాయి, దానికి మాత్రం ఏం చేయలేం.

తాతగారి పాత వారపత్రికల మీదా ప్రయోగించాను. చవక కాగితంలో పుట్టే ఆమ్లమే దాన్ని పెళుసు చేస్తుంది. పెద్ద లైబ్రరీల్లో ఇదే పదార్థాన్ని అతి మెత్తటి నలకలుగా ద్రవంలో కలిపి కాగితాలకు పట్టిస్తారు. నేను మేకప్ బ్రష్‌తో అద్దాను. ముక్కిన వాసన తగ్గింది, పసుపు రంగు ఇసుమంత కూడా పోలేదు. పోదు కూడా. ఉన్న ఆమ్లాన్ని చంపుతుంది గానీ అది చేసిపోయిన నష్టాన్ని పూడ్చలేదు.

ఇక కడుపు సంగతి. కొట్లో కొన్న పొడి నోట్లో వేసుకునేది కాదు, మందుల షాపులో మాత్రలు వేరే ఉంటాయి. వంటసోడా మీద నిమ్మరసం పిండితే బుస్సున పొంగుతుంది. దీని మీద పిండితే చప్పుడే ఉండదు, గ్యాస్ పుట్టదు. పైగా బరువుకు బరువు చూస్తే సోడా కంటే నాలుగు రెట్లకు పైగా ఆమ్లాన్ని తింటుంది. పుల్ల తేన్పులకు ఇది వాడేది అందుకే. నేను మాత్రం రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయని 400 మిల్లీగ్రాముల మాత్రలు తెచ్చుకున్నాను. అందులో మెగ్నీషియం 240 దాకా ఉంటుంది, ఒంటికి పట్టేది కొంచెమే. మిగిలింది పేగుల్లోకి నీళ్లు లాగుతుంది. పిక్కలు పట్టడం ఆగలేదు, బాత్రూమ్‌కి పరుగులు మొదలయ్యాయి. అదే గుణం వల్ల డాక్టరుగారు అత్తయ్యగారికి మలబద్ధకానికి రాశారు, చక్కగా పనిచేసింది. ఆవిడ వేసుకునే థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటల ఎడం పెట్టమన్నారు. కొన్ని యాంటీబయాటిక్స్‌తో కూడా పడదట. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దు, ఒంట్లోంచి పోవాల్సిన మెగ్నీషియం రక్తంలోనే పేరుకుపోతుంది.

ఒక్క జాగ్రత్త, మూత బిగించండి. గాలిలో తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చి మెల్లగా కార్బొనేట్‌గా మారుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూస్తే తెలిసిపోతుంది, పొడి తాజాగా ఉంటే బుడగలు రావు. మా డబ్బా అడుగున ఇంకో గుప్పెడుంది. నిన్న నిమ్మరసం వేస్తే బాగానే బుసకొట్టింది. కొత్తది తెచ్చుకోవాలి, ఈసారి వంద గ్రాములు చాలు.