కొమడోర్ 64 స్క్రీన్ నల్లగానే ఉండిపోతే: డెడ్ టెస్ట్ కార్ట్రిడ్జ్ రివ్యూ

1980ల నాటి హోమ్ కంప్యూటర్ కొమడోర్ 64ను బాగుచేసేవాళ్లను అన్నిటికంటే ఎక్కువ సతాయించేది నల్ల స్క్రీన్. పవర్ లైట్ వెలుగుతుంది, టీవీలో మాత్రం ఏమీ రాదు. ఏ సమయంలో ఏ చిప్ పలకాలో నిర్ణయించే పీఎల్ఏ చిప్ పోయినా అంతే, ర్యామ్ పోయినా అంతే, మెషీన్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్ ఉన్న కెర్నల్ రోమ్ పోయినా అంతే. అనుమానం వచ్చిన చిప్పునల్లా ఊడదీస్తూ పోతే బోర్డు మీది రాగి గీతలు లేచిపోతాయి. అందుకే 781220 నంబర్ డెడ్ టెస్ట్ కార్ట్రిడ్జ్, అంటే మెషీన్‌కు తగిలిస్తే లోపం ఎక్కడుందో వెతికే పరీక్ష కార్ట్రిడ్జ్, ఎప్పుడూ నా టేబుల్ మీదే ఉంటుంది. నాది అసలుది కాదు, అదే ప్రోగ్రామ్‌తో ఇప్పుడు తయారవుతున్న కాపీ.

మెషీన్‌లో ఉన్న ర్యామ్‌నీ కెర్నల్‌నీ ఇది అసలు నమ్మదు. దాని బలమంతా అక్కడే ఉంది. దీన్ని పెట్టి ఆన్ చేయగానే కంప్యూటర్ అల్టిమాక్స్ మోడ్ అనే ప్రత్యేక స్థితిలోకి వెళ్లి, కెర్నల్‌కు బదులు కార్ట్రిడ్జ్‌లోని రోమ్‌నే చదువుతుంది.

స్విచ్ వేశాక కొన్ని సెకన్లు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. కంగారుపడి ఆపేయకండి. ర్యామ్‌లో తేడా ఉంటే ఆ తర్వాత స్క్రీన్ మెరవడం మొదలవుతుంది. ఆ మెరుపులే లెక్కపెట్టుకోవాలి. ఒకటైతే బోర్డు మీద యూ12 అని గుర్తున్న ర్యామ్ చిప్, రెండైతే యూ24, అలా వెళ్లి ఎనిమిదైతే యూ21. ప్రతి బైట్‌లోని ఎనిమిది బిట్లు 4164 రకం ర్యామ్ చిప్పులు ఎనిమిదింటిలో తలా ఒకటి ఉంటాయి కాబట్టే ఇంత కచ్చితంగా వేలు పెట్టి చూపించగలుగుతుంది. ఈమధ్య ఒక బోర్డు అయిదుసార్లు మెరిసింది, అంటే యూ10. వేలు ఆనిస్తే మిగతావి గోరువెచ్చగా ఉన్నాయి, అదొక్కటే చురుక్కుమంది. దాన్ని తీసి, సాకెట్ వేసి కొత్త చిప్ పెట్టగానే మెషీన్ బాగుంటే వచ్చే నీలం స్క్రీన్ వచ్చేసింది. ఆ నీలం చూస్తే కలిగే సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇంత ముఖ్యమైన మెరుపుల పట్టికను తయారీదారు డబ్బాలో పెట్టకపోవడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. పైగా అది ఎనిమిది ర్యామ్ చిప్పులున్న బోర్డులకే వర్తిస్తుంది. చివర్లో వచ్చిన చిన్న బోర్డులో ర్యామ్ చిప్పులు రెండే.

పరిమితులూ ఉన్నాయి. ప్రాసెసర్, స్క్రీన్ మీద బొమ్మ చూపించే వీఐసీ చిప్, పీఎల్ఏ బతికి ఉంటేనే ఇది పనిచేస్తుంది. మెరుపులే రాకపోతే ముందు వాటిని అనుమానించండి. ర్యామ్‌కు అడ్రస్ అందించే 74ఎల్ఎస్257 చిప్పులు పాడైనా ఏ పాపం ఎరగని ర్యామ్ చిప్‌నే దోషిగా చూపించవచ్చు. అందుకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు వేడి కూడా చూస్తాను.

ఇంకొకటి, దీనికన్నా ముందు చేయాల్సింది పవర్ అడాప్టర్‌ను మల్టీమీటర్‌తో చూడటం. పాత అడాప్టర్లలో 5 వోల్టుల రెగ్యులేటర్ చెడితే వోల్టేజ్ పెరిగి ర్యామ్‌ను కాల్చేస్తుంది. 5.25 దాటితే దాన్ని మెషీన్‌కు తగిలించనే వద్దు.

అల్టిమాక్స్ మోడ్‌లో కనిపించేది మొదటి 4 కేబీ ర్యామ్ మాత్రమే, ఇది పరీక్షించేదీ అంతే. అందుకని డెడ్ టెస్ట్ పాసైనా నేను కార్ట్రిడ్జ్ తీసి మామూలుగా ఆన్ చేసి, బేసిక్ ప్రోగ్రామింగ్ భాషకు మిగిలాయని స్క్రీన్ మీద చూపించే బైట్ల సంఖ్య చూస్తాను. 38911 ఉండాలి. తక్కువ చూపిస్తే పై మెమరీలో ఇంకా వెతకాల్సింది ఉన్నట్టే.